నా నిద్ర వేరెవరో పోతున్నారు

పై అంతస్తు బాత్‌రూమ్ పైపు పగిలింది. మా గది పైకప్పు కారి, గోడలు చెమ్మెక్కి, పరుపులు కూడా ముక్కిపోయిన వాసన కొట్టడం మొదలయ్యాక, వార్డెన్ మేడమ్ మమ్మల్ని తలో గదిలోకీ సర్దేసింది. నా వంతుకి లేడీస్ హాస్టల్ మూడో అంతస్తులో మూలగది వచ్చింది.

"నాలుగు మంచాల గదమ్మా, ఇద్దరే ఉంటున్నారు. గాలీ వెలుతురూ బోలెడు. పుణ్యం చేసుకున్నావు పో," అంది తాళాల గుత్తి ఆడిస్తూ.

గాలి సంగతి గుర్తులేదు గానీ వెలుతురు మాట మాత్రం నిజం. ఆ గదిలో ట్యూబ్‌లైటు తెల్లవార్లూ వెలుగుతూనే ఉండేది.

నాకు చీకటి ఉంటేనే నిద్ర. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. సగం నెల రాత్రి డ్యూటీలే. పొద్దున్నే వచ్చి పడుకుంటే, సాయంత్రం దాకా నేనూ నాన్నా ఇంట్లో పిల్లుల్లా నడిచేవాళ్లం. నాన్న తలుపు బందులకి నూనె పోసేవాడు. కిటికీలకి నల్లగుడ్డ కట్టాడు. కాలింగ్ బెల్ వైరు పీకేసి "తలుపు కొట్టకండి, సాయంత్రం రండి" అని బోర్డు తగిలించాడు. మా మేనత్త ఒకసారి ఆ బోర్డు చూసి, అది తనకోసమే పెట్టారనుకుని అలిగి వెనక్కి వెళ్లిపోయింది. ఆర్నెల్లు మాట్లాడలేదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని. నిద్రంటే నాకు భక్తి.

అందుకే మా సైకాలజీ మేడమ్ కాలేజీలో నిద్ర అలవాట్ల మీద అవగాహన కార్యక్రమం పెడతానంటే ముందుగా చెయ్యెత్తింది నేనే. పెద్ద హాల్లో అందరినీ కూర్చోబెట్టాం. దిండు కింద ఫోను పెట్టుకుని పడుకునేవాళ్లు ఎంతమంది అని మేడమ్ అడిగితే హాలంతా చేతులే. అర్ధరాత్రి దాటాక టీ తాగేవాళ్లు? మళ్లీ చేతులే. రోజూ ఒకే వేళకి పడుకునేవాళ్లు? నా ఒక్కదాని చెయ్యే లేచింది. అందరూ నవ్వారు. ఆ తర్వాత మేడమ్ నిద్ర గొప్పతనం చెబుతుంటే సగంమంది నిద్రపోయారు. ఆ రోజు నుంచీ నా పేరు "జోలపాట" అయిపోయింది. అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు.

మూలగదిలో ఉన్న ఇద్దరిలో పెద్దది పొడుగక్క. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం. గుమ్మంలోంచి వచ్చేటప్పుడు అలవాటుగా తల వంచేది. మాట పొదుపు. రెండోది పిచ్చుక. మొదటి సంవత్సరం కెమిస్ట్రీ. గుప్పెడంత మనిషి, నోరు మాత్రం పొద్దున లేచింది మొదలు ఆగేది కాదు. వెళ్లిన గంటలోపే వాళ్ల చెల్లి పళ్లు ఎన్ని ఊడాయో కూడా చెప్పేసింది.

నాలుగో మంచం కిటికీ పక్కన ఉండేది. దాని మీద పరుపు చాపలా చుట్టి తాడుతో కట్టి ఉంది. పైన పిచ్చుక సూట్‌కేసూ, పొడుగక్క డ్రాయింగ్ షీట్ల గొట్టాలూ.

రెండు మూడు రాత్రులు గడిచాక వాళ్ల పద్ధతి నాకు అర్థమైంది. సాయంత్రం అన్నం తినగానే పిచ్చుక పడుకునేది. అర్ధరాత్రి పొడుగక్క దాన్ని లేపి, తను పడుకునేది. పిచ్చుక తెల్లారేదాకా ఫోను చూస్తూ, ఫ్లాస్కులో టీ తాగుతూ, గోళ్లు కొరుక్కుంటూ కూర్చునేది. మా అమ్మ ఆసుపత్రిలో డ్యూటీ మారినట్టు ఉండేది వ్యవహారం.

"ఎందుకే ఈ కాపలా?" అన్నాను ఒకరోజు పిచ్చుకతో.

"అక్క చెప్పింది. గదిలో ఎవరో ఒకరు మేలుకుని ఉండాలట. అదో అలవాటట," అని ఆవలించింది. కళ్ల కింద చారలు బొగ్గుతో గీసినట్టున్నాయి.

నేను పొడుగక్కనడిగితే "చదువుకోవడానికి వీలుగా ఉంటుందని," అని ముక్తసరిగా చెప్పి స్కేలు వెతుక్కుంది.

ఆ వారంలోనే పిచ్చుక లాబ్‌లో నిలబడి నిలబడి కునికింది. ముందుకి తూలింది. ఎదురుగా బర్నర్ మండుతోంది. పక్కనున్న అమ్మాయి జుట్టు పట్టి వెనక్కి లాగింది కాబట్టి మొహం దక్కింది గానీ, నుదుటి మీద జుట్టూ ఒక కనుబొమ్మా కాలిపోయాయి. గదికి తీసుకొచ్చాక రాత్రంతా కాలిన వెంట్రుకల వాసన. ఆ పిల్ల మంచం మీద ముడుచుకుని, "అమ్మకి చెప్పకండి, చదువు మాన్పించేస్తుంది," అని ఒకటే ఏడుపు.

నాకు ఒళ్లు మండింది.

"అక్కా, ఇక చాలు. నీ డ్రాయింగులు నువ్వు పగలు గీసుకో. దీని ప్రాణం మీదికి తెచ్చావు. రేపటి నుంచి ఈ గదిలో లైటు ఆరాల్సిందే. ముగ్గురం ఒకే వేళకి పడుకుంటున్నాం."

పొడుగక్క పిచ్చుక కాలిన కనుబొమ్మ వైపే చూస్తోంది.

"లైటు ఆర్పు. ఫోన్లు బయట పెట్టు. టీ మానేద్దాం. అన్నీ ఒప్పుకుంటా," అంది చివరికి. "ముగ్గురం ఒకేసారి మాత్రం వద్దు."

"కారణం చెప్పు."

"చెప్తే నవ్వుతావు."

"నవ్వను."

ఆమె దిండులో మొహం పెట్టుకుని పడుకుంది. మర్నాడు సాయంత్రానికి ఆమెకే జ్వరం తగిలింది. ప్రాజెక్టు కోసం ఎన్ని రాత్రులు నిద్ర చెడగొట్టుకుందో పాపం, కూర్చోడానికి కూడా ఓపిక లేదు. "సరే... నీ ఇష్టం," అంది గోడ వైపు తిరిగి.

ఆ రాత్రి నేను కార్యక్రమంలో చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. ఫోన్లు మూడూ అల్మారాలో పెట్టి తాళం వేశాను. గోరువెచ్చని నీళ్లతో ముగ్గురి కాళ్లూ కడిగించాను. దుప్పట్లు దులిపాను. కిటికీ రెక్క ఓరగా తీసి, లైటు ఆర్పాను.

ఎన్నాళ్లకి చీకటి! మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత కిటికీ ఊచలు, కుర్చీ వీపు, తాడుకి ఆరేసిన తువ్వాలు మెల్లమెల్లగా తేలాయి. ఎక్కడో ట్యాంకు నిండి నీళ్లు పారుతున్న చప్పుడు. రోడ్డు మీద ఒక లారీ పోయింది. పిచ్చుక ఏదో చెప్పబోయి మధ్యలోనే నిద్రలోకి జారుకుంది. పొడుగక్క ఊపిరి జ్వరంతో కాస్త బరువుగా వినిపిస్తోంది. "ఇంతే కదా, దీనికింత రాద్ధాంతమా," అనుకుంటూ నేనూ కళ్లు మూశాను.

మధ్యలో ఎప్పుడో మెలకువ వచ్చింది.

ఎందుకు వచ్చిందో తెలియదు. చప్పుడేమీ లేదు. ట్యాంకు నీళ్లు కూడా ఆగిపోయాయి. పాత దూది వాసన వేస్తోంది, ఎప్పుడో ఎండ చూసిన పరుపుని ఇప్పుడు విప్పినట్టు. అలా పడుకుని ఊపిర్లు వింటున్నాను. పొడుగక్కది బరువైన ఊపిరి. నా ఊపిరి నాకు తెలుస్తోంది. కిటికీ వైపు నుంచి ఇంకొకటి... నిదానంగా, లోతుగా, చివర్లో సన్నని ఈలతో. కడుపు నిండా తిని పడుకున్న పసిపిల్ల గురకలా హాయిగా ఉంది వినడానికి. పిచ్చుకకి మంచి నిద్ర పట్టిందని సంతోషపడ్డాను కూడా.

అప్పుడు గుర్తొచ్చింది... పిచ్చుక మంచం తలుపు పక్కన.

తల తిప్పడానికి మనసు రాలేదు. ప్రతిధ్వని అయ్యుంటుందిలే అనుకుని దుప్పటి ముసుగు పెట్టాను.

పొద్దున లేచేసరికి పిచ్చుక మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"రాత్రి బాగా పడుకున్నావా?"

"లేదక్కా. నడిరాత్రి కళ్లు తెరుచుకున్నాయి, మళ్లీ మూత పడలేదు." గొంతులో విసుగు లేదు, అలసట లేదు. అసలేమీ లేదు.

నాలుగో మంచం వైపు చూశాను. సూట్‌కేసూ గొట్టాలూ కింద గోడకి ఆనించి ఉన్నాయి. తాడు మడత పెట్టి ఉంది. పరుపు పరిచి ఉంది. మధ్యలో మనిషి పడుకున్నంత మేర పల్లం.

"ఇది ఎవరు పరిచారు?" అన్నాను.

పొడుగక్క లేచి కూర్చుంది. ఆ పరుపు చూసింది. వెళ్లి పట్టపగలు ట్యూబ్‌లైటు వేసింది.

ఆ రాత్రి నుంచి లైటు ఆర్పలేదు. మేమిద్దరం వంతులు వేసుకుని మేలుకున్నాం. లాభం లేకపోయింది. లైటు వెలుగుతుండగానే, మేం కళ్లారా చూస్తుండగానే, ఖాళీ పరుపు మీంచి గురక మొదలయ్యేది. నిదానంగా... లోతుగా... చివర్న ఈల. అది మొదలైన క్షణం నుంచి ఆగేదాకా పిచ్చుక రెప్ప వేసేది కాదు.

పగలు కూడా పిచ్చుకకి నిద్ర లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మాత్రలిచ్చాడు. ఒకటి వేసినా రెండు వేసినా ఒకటే. కళ్లు ఎండిపోయి ఎర్రబడ్డాయి, నేనే తడిగుడ్డతో అద్దేదాన్ని. పగలంతా కిచకిచలాడే పిల్ల మాటలు మానేసింది. కారిడార్‌లో నడుస్తూ నడుస్తూ గోడకి కొట్టుకునేది. కొట్టుకుని అక్కడే, గోడకి ముక్కు ఆనించి నిలబడిపోయేది. ఇలాగే సాగితే గుండె మీదికి వస్తుంది, ఇంట్లోవాళ్లని పిలిపించండి అన్నాడు డాక్టరు. వార్డెన్ మేడమ్ ఫోన్ చేసింది. వాళ్లమ్మానాన్నా మర్నాటికి వస్తామన్నారు.

ఆ సాయంత్రం పిచ్చుక తలకి నూనె రాస్తుంటే, అది ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"నాకు నిద్ర రాకపోవడం కాదక్కా," అంది మెల్లగా. "వస్తోంది. నా నిద్ర నాకు తెలుస్తోంది, అక్కడ, కిటికీ పక్కన. వేరెవరో పోతున్నారు."

నూనె గిన్నె పక్కన పెట్టి లేచాను.

పొడుగక్కని కారిడార్‌లోకి లాక్కెళ్లాను. "ఇప్పటికైనా చెప్పు."

గోడకి ఆనుకుని నిలబడింది. ఆ పొడుగు మనిషి కుదించుకుపోయినట్టు కనిపించింది. "నేను చేరినప్పుడు గదిలో ఉన్న సీనియర్ చెప్పింది. ఆమెకి ఆమె సీనియర్ చెప్పిందట. అందరూ ఒకేసారి నిద్రపోవద్దు, ఒకరు మేలుకుని ఉండాలి అని. నేనూ నమ్మలేదు. ఎందుకొచ్చిన గొడవ అని పాటించాను, అంతే."

"ఎవరిదా మంచం?"

"పరీక్షలకి నిద్ర రాకుండా మాత్రలు వేసుకునేదట ఒకమ్మాయి. పరీక్షలయ్యాయి. ఇక పడుకుందామంటే నిద్ర రాలేదట. ఎన్ని చేసినా రాలేదట. ఒక రాత్రి గదిలో అందరూ పడుకుంటే ఒక్కొక్కరి మంచం దగ్గరికీ వెళ్లి, మొహంలో మొహం పెట్టి, ఎలా నిద్రపోతున్నారో చూస్తూ కూర్చుందట. పొద్దున్న లేచి చూస్తే..."

"చూస్తే?"

"మా సీనియర్ అక్కడిదాకే చెప్పింది."

నాకు అమ్మ గుర్తొచ్చింది. సాయంత్రం డ్యూటీ వేళకి అమ్మని లేపడం చిన్నప్పుడు నా పని. ఎంత గాఢనిద్రలో ఉన్నా నేను పిలిస్తే లేచేది.

"అక్కా, అది నిద్రపోతోంది కదా."

"ఆఁ."

"నిద్రపోయేదాన్ని లేపొచ్చు కదా."

పొడుగక్క నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. కానీ ఇంకో దారి ఇద్దరికీ తోచలేదు.

ఆ రాత్రి తలుపు గడియ వేసుకున్నాం. పిచ్చుక తన మంచం మీద గోడకి చేరబడి ఉంది, కళ్లు తెరుచుకుని. పొడుగక్క దాని పక్కన కూర్చుంది. ట్యూబ్‌లైటు చుట్టూ ఒక పురుగు తిరుగుతూ టక్ టక్ మని కొట్టుకుంటోంది. నిద్రపోని కళ్లకి గది కాస్త కాస్త ఊగుతున్నట్టుంది. కూర్చోలేను, నిలబడలేను.

గురక మొదలైంది.

ముందు అలారం మోగించాను. కారిడార్ చివరిదాకా వినపడేంత గట్టిగా. గురక చెక్కుచెదరలేదు. తడిగుడ్డ పిండి పరుపు మీద నీళ్లు చల్లాను. చుక్కలు పరుపు దాకా చేరలేదు... గాలిలో, జానెడు ఎత్తులో ఆగి, వంపుగా జారి కిందపడ్డాయి. పొడుగక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అమ్మ ఎప్పుడూ చెప్పేది, గాఢనిద్రలో ఉన్నవాళ్లని భుజం పట్టి కుదపొద్దు, గుండె అదురుతుంది, అరికాలి మీద చెయ్యేసి పిలవాలి అని. పల్లం ఎక్కడితో అయిపోతుందో చూసుకుని, అక్కడ చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

మెత్తగా, జ్వరం వచ్చిన పిల్ల కాలిలా వెచ్చగా ఉంది. వేళ్లు కూడా తగిలాయి. నా చెయ్యి నా మాట వినకుండా వెనక్కి రాబోయింది. బలవంతాన ఆపాను.

"లేమ్మా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "లేమ్మా... తెల్లారిపోయింది... ఎంతసేపు పడుకుంటావు... కాలేజీకి టైమవుతోంది..."

గురక ఆగింది.

పురుగు కూడా ఆగింది.

"ఇంకో అయిదు నిమిషాలు..." అంది పరుపు.

ఆడపిల్ల గొంతు. మగతగా, ముద్దుగా, గారంగా. ఏ ఇంట్లోనైనా పొద్దున్నే వినిపించే మాట. నేను కాలు వదల్లేదు. "కాదు. లే. ఇప్పుడే లే," అన్నాను.

వేళ్లు నా చేతి కింద ముడుచుకున్నాయి. మంచం కిర్రుమంది. ఎవరో లేచి కూర్చున్నారు.

వెనక ధభీమని చప్పుడైంది. తిరిగి చూస్తే పిచ్చుక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఒక్క క్షణం చచ్చిపోయిందనుకున్నాను. దాని కళ్లు మూసుకుని ఉన్నాయి. నోరు తెరిచి నిద్రపోతోంది. పొడుగక్క దాని తల ఒళ్లో పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

"నన్నెవరు లేపారు?"

గొంతులో ఇప్పుడు మగత లేదు. నేను నోరు తెరిచేలోగా పొడుగక్క అంది, "నేనే."

అడుగుల చప్పుడు. వట్టికాళ్లు గచ్చు మీద... చప్ చప్... నన్ను దాటి వెళ్లాయి. నా భుజానికి వెచ్చని గాలి తగిలింది. అడుగులు పొడుగక్క ముందు ఆగాయి. ఆమె జుట్టు చెంప మీద సన్నగా కదిలింది, ఎవరో దగ్గరగా మొహం పెట్టి ఊపిరి వదిలినట్టు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

"మళ్లీ నిద్రపుచ్చు."

స్విచ్చు టక్కుమంది. లైటు ఆరిపోయింది.

చీకట్లో అడుగులు వెనక్కి వెళ్లాయి. మంచం కిర్రుమంది. "జో కొట్టండి... నాకు నిద్ర రావట్లేదు..."

నేను తడుముకుంటూ పొడుగక్క పక్కకి చేరాను. ఆమె నా చెవిలో నోరు పెట్టింది. "పడుకోనివ్వకు. అది పడుకుంటే పిచ్చుక మళ్లీ లేస్తుంది. మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. కథ చెప్పు. నీకు దండం పెడతా."

నా బుర్రలో ఏమీ లేదు. నోటికొచ్చింది మొదలుపెట్టాను. "మా... మా నాన్న ఒకసారి బెల్ వైరు పీకేశాడు..."

కిటికీ వైపు నుంచి చిన్నగా, "ఊఁ" అని వినిపించింది.

ఊఁ కొడుతోంది.

బెల్లు కథ చెప్పాను. మేనత్త అలిగిన సంగతి చెప్పాను. నాన్న ఆమెని బతిమాలడానికి వెళ్తే, వాళ్లింటి గుమ్మానికి కూడా "తలుపు కొట్టకండి" అని బోర్డు పెట్టి ఉన్న సంగతి చెప్పాను. ఎవరో కిసుక్కున నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు.

నా కథ అయిపోగానే పొడుగక్క అందుకుంది. ఆ మాట పొదుపు మనిషి, ఆ రాత్రి మాట్లాడినంత జన్మలో మాట్లాడి ఉండదు. వాళ్ల లెక్చరరు కట్టుకున్న సొంతింటికి మెట్లు పెట్టడం మర్చిపోయిన వైనం, వాళ్ల తమ్ముడు స్కూల్లో ముందుబెంచీ పిల్ల జడ కత్తిరించి ఇంటికి తెచ్చిన వైనం... "ఊఁ... తర్వాత?" అంటోంది చీకటి. మేం చెబుతున్నాం. కథ కాస్త చప్పబడితే ఊఁ ల మధ్య ఎడం పెరిగేది. "ఊఁ..." ఇంకాసేపటికి "ఊ..." అప్పుడు పొడుగక్క ఒళ్లో పిచ్చుక మూలిగేది. దాని కనురెప్పలు తెరుచుకోబోవడం ఆమె వేళ్లకి తెలిసేది. వెంటనే నన్ను గిల్లేది. నేను గొంతు పెంచి, "అప్పుడేమైందో తెలుసా!" అని అరిచేదాన్ని. ఏమైందో నాకే తెలియదు. అబద్ధాలాడాను. లేని చిన్నాన్నని పుట్టించాను, అతనికి పెళ్లి చేశాను, పెళ్లి నుంచి పారిపోయేలా చేశాను. నాలుక పిడచకట్టుకుపోయింది. కళ్లు మూతలు పడుతుంటే ఒకరినొకరం రక్కుకున్నాం. ఒకసారి మాట మధ్యలో నాకు కునుకు పట్టింది. రెప్పపాటే అనుకుంటాను. ఉలిక్కిపడి లేచేసరికి, కథ సాగుతూనే ఉంది. నా చిన్నాన్న కథే. నేను ఆపిన చోటు నుంచి. చెబుతున్నది పొడుగక్క కాదు...

"అతను పారిపోయి ఒక గదిలో దాక్కున్నాడు," అంటోంది మంచం. "అక్కడ అందరూ నిద్రపోతున్నారు."

నేను అడ్డం పడి కథని వీధిలోకి లాక్కొచ్చాను. అతన్ని బస్సెక్కించాను. బస్సు చెడిపోయేలా చేశాను. "ఊఁ" అంది కాస్త అలకగా.

అలా ఎంతసేపో. కిటికీ ఊచల వెనక బూడిద రంగు తేలినప్పుడు, ఊఁ వినిపించక కొంతసేపైందని గ్రహించాం. మాటలు ఆపి చెవులు రిక్కించాం. గురక లేదు. పిచ్చుక మాత్రం అక్క ఒళ్లో చొంగ కారుస్తూ నిద్రపోతోంది, కాలిన కనుబొమ్మ పైకెత్తి, కలలో ఎవరితోనో వాదిస్తున్నట్టు. ఆ చొంగ చూసి ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

వెలుగొచ్చాక లేచి చూశాను. నాలుగో మంచం మీద పరుపు చదునుగా ఉంది. పల్లం లేదు. చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

"పోయింది," అన్నాను.

పొడుగక్క తలుపు వైపు చూస్తోంది. రాత్రి మేం వేసిన గడియ తీసి ఉంది.

పిచ్చుక తల దిండు మీద పెట్టి, ఇద్దరం మెల్లగా తలుపు తెరిచాం. కారిడార్‌లో ఎవరూ లేరు. ఆ వేళకి బాత్‌రూమ్‌ల దగ్గర బకెట్ల చప్పుడు, అరుపులు, నీళ్ల కోసం తగాదాలు ఉండాలి. ఏమీ లేదు.

ఎదురు గది తలుపు ఓరగా తీసి ఉంది. గుమ్మంలో ఆ గది అమ్మాయి నిలబడి ఉంది. దాని గొంతుకి కారిడార్ అదిరిపోతుందని అందరూ దాన్ని "మైకు" అనేవాళ్లు.

"ఏమే, అందరూ ఏరి?" అన్నాను.

"ష్..." అంది మైకు. అది గుసగుసలాడగా నేను వినడం అదే మొదటిసారి. "గట్టిగా మాట్లాడకండే. పాపం, ఇప్పుడే నిద్ర పట్టింది దానికి."

"ఎవరికి?"

"మీ గది పిల్లకే. మీ కబుర్లతో నిద్ర పట్టట్లేదని మా గదికొచ్చింది. నా మంచం ఇచ్చాను." మైకు మా వైపే చూస్తోంది. చూస్తూనే ఉంది. కళ్లలో చెమ్మ లేదు. "అదేంటో, నాకు అసలు నిద్రే రాలేదు."

పొడుగక్క వేళ్లు నా మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. మైకు భుజం మీంచి లోపలికి చూశాను. కిటికీ తెర వేసి ఉంది. మంచం మీద దుప్పటి నిండుగా కప్పుకుని ఎవరో పడుకుని ఉన్నారు. దుప్పటి నిదానంగా లేస్తోంది... దిగుతోంది.

మంచం చుట్టూ నేల మీద ఆడపిల్లలు బాసింపట్లు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆ అంతస్తు పిల్లలందరూ. రెప్ప వెయ్యకుండా దుప్పటినే చూస్తున్నారు. పేరుపేరునా గుర్తుపట్టగలను వాళ్లని.

తలవైపు కూర్చున్న ఇద్దరిని మాత్రం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ల బట్టల మీద దుమ్ము పేరుకుని ఉంది, ఎన్నో ఏళ్లుగా అలాగే మేలుకుని కూర్చున్నట్టు. ఆ ఇద్దరిలో ఒకామె తల తిప్పి నన్ను చూసింది. పెదాల మీద వేలు పెట్టుకుని, పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది.